తాళం తీస్తే దిగే ముల్లు

మేదినికి కోపం లొంగింది గానీ గేరుబాక్సు లొంగలేదు.

ఆ సంగతే ఒక సాయంత్రం గురువు దగ్గర మొరపెట్టుకుంది. గురువు పేరు చెన్నమాంబ. కొండ కింది మఠానికి పెద్ద, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అమ్మ. వసారాలో గోడకానుకుని కూచుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"అమ్మా, ఈ ఏడాదిలో నన్ను నేను చల్లార్చుకోగలిగాను. ఆ బండిని మాత్రం చల్లార్చలేకపోతున్నాను."

మాట వినయంగానే ఉంది. కానీ రెండు వాక్యాల్లో దేన్ని ఒత్తి పలికిందో వినేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

"బండికేమైంది?" అంది అమ్మ, చేతిలో పని ఆపకుండా.

"కోనపల్లె కొండెక్కేసరికి గేర్ ఆయిలు కాగిపోతోంది. మీటరు ముల్లు నూట పది, నూట పద్దెనిమిది అలా పోతూనే ఉంటుంది. దారిలో ఆపి, చల్లారాక మళ్ళీ ఎక్కిస్తున్నాను. అసలు ఎంత వేడి మామూలో, ఎంత వేడి ముప్పో అర్థం కావడం లేదు."

"ఎవరినన్నా అడిగినావా?"

అడగడం మేదినికి అలవాటు లేని పని. చెప్పడం అలవాటు. తిరుపతిలో చదువుకునే రోజుల్లో చర్చా పోటీ అంటే చాలు, ఎదుటివాళ్ళు మొదటి వాక్యం పూర్తి చేసేలోపు వాళ్ళ మూడో వాక్యానికి సమాధానం సిద్ధం చేసుకుని ఉండేది. గెలిచిన కప్పులతో హాస్టలు కిటికీ మూసుకుపోయి గదిలోకి వెలుతురు రాకుండా పోయింది. ఒకసారి తన గదిలోనే ఉండే స్నేహితురాలిని వేదిక మీద ఎంత అందంగా చీల్చి చెండాడిందంటే, హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి మాత్రం మళ్ళీ ఏ వేదికా ఎక్కలేదు. మేదినితో మాట్లాడనూ లేదు.

ఆ చప్పట్లు చెవుల్లోంచి పోక, చివరికి ఈ మఠానికి వచ్చి చేరింది.

ఇక్కడ ఒక ఉపాయం కనిపెట్టుకుంది. గుండెల్లో సెగ లేచిన మరుక్షణం కళ్ళు మూసేస్తుంది. నోరు కట్టేస్తుంది. ఊపిరి మెల్లగా వదిలి, లోపల ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఆర్పేసుకుంటూ పోతుంది. కళ్ళు తెరిచేసరికి ముఖం చెరువు నీళ్ళలా ఉంటుంది. వంటింట్లో గొడవైనా, భజనలో ఎవరైనా తోసినా, చెప్పులు ఎవరో వేసుకుపోయినా మేదిని ముఖం అదే. మఠంలో అందరూ ఆశ్చర్యపోయేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమెను వేలు పెట్టి చూపించేవాళ్ళు. అది తన చెవిన పడ్డప్పుడు పడనట్టు ఉండడం కూడా మేదిని బాగా నేర్చుకుంది.

"ఏడాదిగా నాకు కోపమే రాలేదమ్మా," అంది ఇప్పుడు.

అమ్మ ఒక గోరుచిక్కుడు తుంచింది. "రాలేదా, బయటికి రాలేదా?"

మేదిని చిరునవ్వు నవ్వింది. ఇలాంటి ప్రశ్నలకు చిరునవ్వు సరిపోతుందని ఆమె నమ్మకం.

"పొద్దున బండిలో నేనూ వస్తా," అంది అమ్మ.

ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. దీక్ష కావాలన్నవాళ్ళు ఒక ఎండాకాలమంతా కొండ మీది కోనపల్లెకు నీళ్ళు మోయాలి. పూర్వం కావళ్ళతో మోసేవాళ్ళు. ఆ తర్వాత ఎద్దుల బండి. ఇప్పుడు పికప్ బండి. కువైట్‌లో పని చేసి తిరిగొచ్చిన ఒక భక్తుడు మఠానికి సమర్పించాడు. క్లచ్ ఉండదు, గేర్లు వాటంతటవే పడతాయి. వెనక నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు బిగించారు.

కిందటి ఎండాకాలం దీక్షకు వచ్చినాయన ఆ బండిని అదే పనిగా కొండ మీదికి తోలి గేరుబాక్సు కాల్చేశాడు. మాడిన వాసన మఠం దాకా వచ్చింది. బండి బాగయ్యేదాకా కోనపల్లె ఆడవాళ్ళు కాలిబాటన దిగి బిందెలు నెత్తిన మోసుకున్నారు. గురవమ్మ అనే పెద్దావిడ ఆ రాళ్ళలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. బండి బాగు చేసిన టౌను మెకానిక్ మస్తాన్ స్టీరింగు పక్కన చిన్న గుండ్రటి మీటరు బిగించి, "ఇది గేర్ ఆయిలు వేడి చూపిస్తుంది. ఇంకోసారి మాడిందంటే ఈ గేరుబాక్సును నేనే కాదు, ఎవరూ లేపలేరు," అని చెప్పి పంపాడు.

అంటే ఈ ఎండాకాలం కోనపల్లె గొంతు తడవడం ఆ ముల్లు మీద ఉంది. ఆ ముల్లు మేదిని చేతిలో ఉంది.

పొద్దున కొండ కింద బోరు దగ్గరికి బండి చేరేసరికి ఓబులేసు మోటారు గది ముందు తువ్వాలు పరుచుకుని కూచుని ఉన్నాడు. బోరు పంచాయతీది. పక్కనున్న మామిడి తోట ఒక ఆసామిది. ఓబులేసు ఆ ఆసామి మనిషి. మోటారు గది తాళం అతని మొలతాడుకు ఎలా వచ్చి చేరిందో ఎవరూ అడగలేదు.

"ఏందక్కా, ఈ పొద్దు అమ్మనే ఎక్కించుకొచ్చినావు. దండం అమ్మా." లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "బండికి దిష్టి తగిలిందేమో చూడు తల్లీ. నిన్న కూడా కొండ మధ్యలో కూలబడిందంట."

అమ్మ తలూపింది.

అతను పైపు తెచ్చి ట్యాంకులో వదిలాడు. నీళ్ళ చప్పుడు మొదట డబడబమని, తర్వాత గుబగుబమని లోతుగా మారింది. సగానికి వచ్చిందో లేదో, పైపు బయటికి లాగి తోట కాలవలోకి విసిరేశాడు.

"చాల్లేక్కా. నిండా పోస్తే మీ బండి మొయ్యలేదు. మామిడికి ఇప్పుడే నీళ్ళు గావాల, కాయ ఊరే టైము."

రోజూ ఇదే. మేదిని గుండెల్లో సెగ చప్పున లేచింది. దాంతోపాటు పాత వాక్యాలూ లేచాయి, పదును పెట్టి, వరసలో, చేతికి అందేటట్టు. బోరు ఎవరిది, తోట ఎవరిది, ఆ తాళం నీ మొలకు ఎవరు కట్టారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలినా ఓబులేసు తువ్వాలు అక్కడే వదిలి పారిపోయేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే కళ్ళు మూసుకుంది. స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, ఊపిరి వదిలి, వాక్యాలను ఒక్కొక్కదాన్నే ఆర్పేసింది.

కళ్ళు తెరిచేసరికి ముఖం ఎప్పట్లాగే నిమ్మళంగా ఉంది. అయినా సగం ట్యాంకే నయం కదా, అనుకుంది. బరువు తక్కువైతే గేరుబాక్సుకు మంచిది.

ఓబులేసు కిటికీ దగ్గరికి వచ్చి, నిజంగానే మెచ్చుకుంటూ, "ఇట్లాంటి సాధువును నేను యాడా చూళ్ళేదమ్మా," అన్నాడు. "ఇంకొకరైతే ఈపాటికి నా ఏడు తరాలను తవ్విపోసి ఉందురు. ఈ యక్క ఉలకదు, పలకదు. మీ పెంపకం."

"ఊఁ," అంది అమ్మ.

ఆ ఊఁ మేదినికి తీయగా తగిలింది.

కొండ దారి మొదలైంది. మేదిని బండిని గుడ్ల గంప మోస్తున్నట్టు నడిపింది. యాక్సిలరేటరు మీద పాదం ఆనీ ఆననట్టు పెట్టింది. బండి మూలుగుతూ, పాకుతూ ఎక్కుతోంది. మనిషి పక్కన నడిచినా దాటిపోయేంత మెల్లగా. ఆమె కళ్ళు దారి మీద కంటే ముల్లు మీదే ఎక్కువున్నాయి. తొంభై. ఒక మలుపు తిరిగేసరికి నూరు. ఇంకో మలుపుకు నూట పది.

అమ్మ ముల్లు వంక చూడలేదు. కిటికీలోంచి, ఎండకు బొగ్గయిపోయిన గడ్డి వంక చూస్తోంది.

నూట పద్దెనిమిది దగ్గర మేదిని బండిని రాతి పక్కకు తీసి ఆపింది. తాళం తిప్పింది. ఇంజను ఆగింది. ముల్లు ఒక్కసారిగా అడుక్కి వాలిపోయింది.

అది మీటరు ఆగిపోవడమే గానీ వేడి దిగడం కాదని మేదినికి తెలియక కాదు. అయినా ఆ ముల్లు అలా మెత్తగా వాలడం చూస్తే ప్రాణం కుదుటపడేది. ప్రతిసారీ అంతే. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, జపమాల తీసుకుని, బండీ తనూ ఇద్దరూ చల్లారేదాకా కూచునేది.

ఇప్పుడూ జపమాల తీసింది.

"ఎందుకాపినావు?" అంది అమ్మ.

"చల్లారడానికమ్మా. కాసేపు పడుతుంది."

"సరే."

కొండ మీద చప్పుడు లేదు. రేకు వేడికి ఎక్కడో టిక్కు టిక్కుమంటోంది. మేదిని వేళ్ళ కింద పూసలు కదులుతున్నాయి. చాలాసేపే గడిచింది.

అమ్మ చెయ్యి చాచి, తాళాన్ని సగం తిప్పింది. ఇంజను పట్టుకోలేదు. మీటరు మాత్రం వెలిగింది.

ముల్లు లేచింది. ఎనభై దాటింది, నూరు దాటింది, ఇందాక నిలబడ్డ చోటికి వచ్చింది, అక్కడా ఆగకుండా ఇంకాస్త పైకి జరిగి నిలబడింది.

మేదిని వేళ్ళు పూసల మీద ఆగిపోయాయి. తను రోజూ ఇక్కడే ఆపింది. రోజూ ఇలాగే కూచుంది. ఒక్క రోజు కూడా కళ్ళు తెరిచి, మధ్యలో తాళం తిప్పి చూడలేదు.

"మీటరు పాడైనట్టుందమ్మా," అంది.

అమ్మ తాళాన్ని వెనక్కి తిప్పింది. ముల్లు వాలింది. మళ్ళీ సగం తిప్పింది. ముల్లు లేచి అదే చోట నిలబడింది. ఇంకోసారి వెనక్కి. వాలింది. ఇంకోసారి ముందుకు. లేచింది. పసిపిల్ల స్విచ్చుతో ఆడుకున్నట్టు, ఏ తొందరా లేకుండా.

"ఆపండమ్మా," అంది మేదిని.

"ఇంజను ఆన్ చెయ్యి. గేరు పార్కులో పెట్టి తిరగనియ్."

"వేడెక్కిన బండికి ఇంజను ఆన్‌లో పెడతారా ఎవరైనా? పాలు పొంగుతుంటే మంట పెంచమన్నట్టుంది. మాడిపోతే పైనున్నవాళ్ళ గతేమిటి? పోయినేడు ఏమైందో మీకు తెలుసు. గురవమ్మగారి తుంటి..."

"ఇవి పాలు కాదు కదా పాపా. చెయ్యి."

మేదిని చేసింది. ముప్పు తెలిసి కూడా పెద్దల మాట కాదనలేక చేస్తున్నానని తనకు తానే సాక్ష్యం చెప్పుకుంటూ చేసింది. ఇంజను అందుకుంది. ముందరి ఫ్యాను గాలి కొట్టడం మొదలైంది. ఇద్దరూ ముల్లుకేసి చూస్తున్నారు.

మొదట కదల్లేదు. తర్వాత వణికింది. తర్వాత నూట పది దగ్గరికి వచ్చింది. ఇంకాసేపటికి నూరు. అక్కణ్ణుంచి తొంభై అయిదుకు, ఎవరూ తొయ్యకుండానే, దిగి వచ్చింది.

మేదిని మీటరు అద్దాన్ని గోటితో తట్టి చూసింది.

"మీకెలా తెలుసు?" అంది చివరికి.

"నిన్న నువ్వు లేచి వెళ్ళినాక మస్తానుకు ఫోను చేసినా. ఎనభై నుంచి తొంభై అయిదు మామూలంట. కొండెక్కేటప్పుడు నూట పది దాకా భయం లేదంట. నూట ఇరవైకొస్తే నిలబెట్టాలంట. నూట ముప్పై అంటే ఆయిలు మాడిపోయినట్టేనంట. నిలబెట్టినా ఇంజను మాత్రం ఆపకూడదంట. ఇంజను తిరుగుతా ఉంటేనే ఆయిలు ముందరి జాలీలోకి పోయి గాలి తగిలించుకోని వస్తుందంట. ఆపేస్తే ఉన్నకాడనే ఉడుకుతుందంట." అమ్మ కొంచెం ఆలోచించి ఇంకొకటి చేర్చింది. "మరీ చల్లగా ఉన్నా గేర్లు సరిగ్గా పడవంట. అది నాకు కొత్తగా ఉన్నింది."

"ఇవన్నీ అతను నాకు చెప్పలేదు."

"చెప్పబోతే, నాకు తెలుసులే అన్నావంట."

అన్నది. మీటరు బిగించిన రోజు, అతను నోరు తెరవగానే అన్నది. గుర్తుంది.

"ఇంకొకటి కూడా చెప్పినాడు. కొండ మీద మెల్లగా పాకించొద్దంట. లీవరు పక్కకు లాగి రెండో గేరులో పట్టి ఉంచి, కొంచెం గట్టిగానే తొక్కమన్నాడు. పాకితే లోపల పట్టు దొరక్క జారుతా ఉంటుందంట. ఆ జారుడే వేడంట."

మేదిని లీవరును పక్కకు లాగింది. భయం భయంగా తొక్కింది. బండి గొంతు పెంచింది. ఇన్నాళ్ళూ మూలిగిన బండి ఇదేనా అన్నట్టు ఒక్క ఊపున మలుపు తిరిగి పైకి అందుకుంది. మేదిని ముల్లు వంక చూసింది. నూట రెండు. ఇంకో మలుపు. నూట నాలుగు. అక్కడ నిలబడిపోయింది. కొండ నిట్టనిలువుగా లేచిన చోట కూడా అది నిలబడ్డ చోటే నిలబడింది.

దారిలో ఎక్కడా ఆగలేదు. ఇన్నాళ్ళ తన జాగ్రత్త, తన నెమ్మది, తన గుడ్ల గంప. ఆయిలును ఉడికించింది అదా?

కోనపల్లెలో ఆడవాళ్ళు బడి ముందు బిందెలు వరసగా పెట్టి నిలబడి ఉన్నారు. బండి ఇంత పెందలాడే రావడం చూసి వాళ్ళే వింతపడ్డారు. రోజూ అయితే మేదిని బండి ఆపి, ట్యాంకు కొళాయి వాళ్ళకు అప్పజెప్పి, బడి అరుగు మీద కళ్ళు మూసుకుని కూచునేది. వాళ్ళు పంచుకునేవాళ్ళు. ఖాళీ అయ్యాక ఎవరో వచ్చి పిలిస్తే లేచి వెళ్ళిపోయేది.

ఇవాళ కూడా అరుగు వైపు అడుగేసింది.

"పాపా," అంది అమ్మ బండిలోంచే. "కొళాయి ఈ పొద్దు నువ్వు పట్టు."

మేదిని వచ్చి కొళాయి తిప్పింది. మొదటి బిందె నిండింది. రెండో బిందె. ఇంటికి రెండు చొప్పున పోస్తూ పోతోంది. ఒక్కొక్కరూ బిందె నడుమునెత్తుకుని, ఒక్క బొట్టు కింద పడకుండా మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెళుతున్నారు. వరసలో సగానికి వచ్చేసరికి ధార సన్నబడింది. దారమైంది. చుక్కలైంది. ఆగిపోయింది.

చెత్త అడ్డం పడిందనుకుని ట్యాంకును అరచేత్తో చరిచింది. బోలుగా మోగింది.

తలెత్తి చూసింది. మిగిలిన సగం వరస అలాగే నిలబడి ఉంది. ఎవరూ ముందుకు తోసుకు రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరి తర్వాత ఒకరు వంగి ఖాళీ బిందెలు తీసుకుంటున్నారు. ఖాళీ బిందెలకు మూత అక్కర్లేదు కాబట్టి చేతులు ఊరికే వేలాడుతున్నాయి.

"ఆగండి. వీళ్ళ సంగతేమిటి?" అంది మేదిని.

కర్ర ఊతంతో నిలబడ్డ ఒక పెద్దావిడ, "మా వంతు రేపు లేమ్మా," అంది. గురవమ్మ. తుంటి విరిగిన గురవమ్మ. "ఒక పొద్దు ఈ పక్కోళ్ళు, ఒక పొద్దు ఆ పక్కోళ్ళు. అట్ల ఏర్పాటు చేసుకున్యాం. ఈ పొద్దు మా పక్కకు లేదు, మిగిలితే పట్టుకుందామని నిలబడతాం."

"ఎప్పట్నుంచి?"

గురవమ్మ నిజాయితీగా ఆలోచించింది. "నువ్వు వచ్చినప్పట్నుంచి."

మేదిని చుక్క రాని కొళాయిని ఇంకోసారి తిప్పింది.

"నువ్వు దాన్ని గురించి మనసు కష్టపెట్టుకోవాకు తల్లీ," అంది గురవమ్మ, ఆమె ముఖం చూసి. "మఠానికే నీళ్ళ కరువేమో అనుకున్యాం. ఉన్నకాడికి తెస్తాండావు, దానికేమని అడుగుతాం?"

"నన్ను ఒక్కమాట అడగాల్సింది జేజీ."

"ఎట్ల అడుగుతామమ్మా? నువ్వు కళ్ళు మూసుకోని కూచునుంటివి."

సుంకులమ్మ అనే పిల్లతల్లి చంకలో బిడ్డను పైకి ఎగదోసుకుంటూ, ఇంకో చేత్తో ఖాళీ బిందె ఎత్తుకుంది. బిడ్డ పెదాల చివర పగిలి ఉంది. పోబోతూ మేదిని ముందు ఆగింది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే మేదినికి సులువుగా ఉండేది.

"నీకు కోపమే రాదంట కదక్కా. ఓబులేసు చెప్తా ఉంటాడు. మాకూ రాదులే. దప్పికతో ఏం కోప్పడతాం."

వెళ్ళిపోయింది.

మేదిని ట్యాంకు పక్కనే నిలబడింది. గుండెల్లో సెగ లేచింది. అలవాటు ప్రకారం రెప్పలు వాలాయి. ఊపిరి మెల్లగా వదిలింది. ముఖం నిమ్మళించడం తనకే తెలుస్తోంది. లోపల మాత్రం ఒక్క గీత కూడా దిగలేదు. ఆ మాట వినకముందు ఉన్నంతా ఉంది, పైన ఇంకాస్త ఉంది. ఏడాదిగా ఆర్పేశాననుకున్నవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

భయపడి కళ్ళు తెరిచింది.

బండి తలుపు దగ్గరికి విసురుగా వెళ్ళింది. "పొద్దున బోరు దగ్గర మీరూ చూశారు కదమ్మా. పైపు లాగేయడం మీ కళ్ళతో చూశారు. మీరెందుకు ఒక్కమాట అనలేదు?"

మఠంలో చేరాక గురువు ముందు ఆమె గొంతు లేవడం ఇదే మొదలు. గురవమ్మ కర్ర మీద అలాగే ఆగిపోయింది.

అమ్మ ముఖంలో కోపమూ లేదు, ఆశ్చర్యమూ లేదు. "ఈ ఎండాకాలం నీళ్ళు నీవి పాపా. నేను ఊరికే పక్కన కూచున్నా."

మేదిని బండి చుట్టూ తిరిగి వచ్చి, స్టీరింగు ముందు కూచుంది.

"జేజీ," అంది కిటికీలోంచి. "మీ పక్కవాళ్ళను ఇళ్ళకు పోవద్దని చెప్పు. నేను మళ్ళీ వస్తాను."

బండి మళ్ళీ బోరు దగ్గరికి దిగి వచ్చింది.

బోరు మోటారు గదిలో మోటారు మోగుతోంది. పైపు తోట కాలవలోనే పడి ఉంది. నీళ్ళు ఎండలో తళతళలాడుతూ మామిడి పాదుల్లోకి పరుగెడుతున్నాయి. మేదిని వాటి వంక కొద్దిసేపు చూసి, ఓబులేసు ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఏందక్కా, అప్పుడే దిగొచ్చినావు. మళ్ళీ కూలబడిందా?"

"ట్యాంకు నింపు."

"పొద్దున నింపితి కదా."

"సగం నింపావు. ఇప్పుడు మొత్తం నింపు."

ఓబులేసు నవ్వాడు. "సగానికే ఉడికిపోయే బండి నిండు ట్యాంకును యాడ మోస్తుందక్కా?"

"మోస్తుంది. నాకు నడపడం రాలేదు. ఇప్పుడు వచ్చింది."

"మా ఆసామి వచ్చి చూస్తే తోటకు నీళ్ళు యాడ అంటాడు."

"కోనపల్లెకు పోయాయని చెప్పు. తోటకు ఆ తర్వాత."

అతను తల గోక్కున్నాడు. అతని ముఖంలో దబాయింపు లేదు. నిజంగా అర్థం కాని మనిషి ముఖం అది. "ఇన్నాళ్ళూ చాలదని ఒక్క పొద్దన్నా అనకపోతివి కదక్కా. సగానికి ఆపితే కళ్ళు మూసుకోని దండం పెట్టినట్టు కూచుంటివి. వాళ్ళకు అంతే చాలేమో అనుకుంటి."

మేదిని ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టినట్టుంది. దొంగ అనుకుని అతన్ని ఎన్నిసార్లు మనసులో నరికి పోగులు పెట్టిందో. ప్రతిసారీ పైకి మాత్రం సరేనని సంతకం పెట్టింది తనే.

పాత వాక్యాలు మళ్ళీ వచ్చి నిలబడ్డాయి, పదునుగానే, వరసలోనే. ఏది వాడినా ఇతను కుంగిపోతాడు. ఇతను కుంగిపోతే ట్యాంకు నిండదు. ఆమె వాటిని ఆర్పలేదు. వాడనూ లేదు.

"చాలదు," అంది.

ఓబులేసు ఆమె ముఖంలోకి పరీక్షగా చూసి, దిక్కుతోచనట్టు బండి వైపు తిరిగాడు. "ఏందమ్మా, సాధువుకు కోపమొచ్చినట్టుందే."

మేదినే పలికింది.

"వచ్చింది. ట్యాంకు నిండేదాకా ఉంటుంది."

గొంతు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఇది ఎవరి గొంతని తనే ఉలిక్కిపడింది.

ఓబులేసు ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశాడు. తిట్టో, శాపమో, పంచాయతీ పేరో. ఏమీ రాలేదు. మేదిని కదల్లేదు కూడా. అతను కాలవలోకి దిగి, మట్టి ఓడుతున్న పైపును ఎత్తి, తువ్వాలుతో మూతి తుడిచి, ట్యాంకులో వదిలాడు. నీళ్ళు డబడబమని పడడం మొదలైంది.

అమ్మ సీటు మీద వెనక్కి వాలి, చీర కొంగు ముఖం మీద కప్పుకుంది.

"నిండినాక లేపు పాపా," అంది.